పాత వైఫై ప్రింటర్‌ని కొత్త రౌటర్‌కి కలపడం ఎలా?

ఇంటికి కొత్త ఫైబర్ కనెక్షన్ వచ్చింది. ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ ఒక్క పాస్‌వర్డ్‌తో ఎక్కేశాయి. ఇన్నేళ్లూ అడంగల్ కాపీలు, పిల్లల ప్రాజెక్టులు, హాల్ టికెట్లు అచ్చేసి పెట్టిన ప్రింటర్ మాత్రం వైఫై లైటు మిణుకుమిణుకుమంటూ ఒక మూల కూర్చుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాగితీగ బ్రాడ్‌బ్యాండ్ మానేసి ఏపీ ఫైబర్‌నెట్, జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌లకి మారిన ఇళ్లలో ఇది మామూలు గొడవే. ప్రింటర్ పోయిందనుకుని కొత్తది కొనేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి ప్రింటర్‌కి ఏమీ కాలేదు. కొత్త రౌటర్ వాడే పద్ధతులు దానికి తెలియవు, అంతే.

అందుకే పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. చాలామంది ముందు కంప్యూటర్ మీద పడతారు. డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేస్తారు, మళ్లీ వేస్తారు, ఇంకోసారి తీసేస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ప్రింటర్ రౌటర్‌కి ఎక్కడం ఒక పని, కంప్యూటర్ ఆ ప్రింటర్‌ని వెతుక్కోవడం ఇంకో పని. మొదటిది అయ్యేదాకా రెండోదాని జోలికి వెళ్లకండి. ఇక్కడ చెప్పే వరస కూడా అదే: ముందు రౌటర్, తర్వాత ప్రింటర్, ఆఖరికి కంప్యూటర్, ఫోను.

మీ ప్రింటర్‌కి అసలు వైఫై ఉందా?

నవ్వకండి, ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఒకే రూపంలో ఉన్న రెండు మోడళ్లలో ఒకదానికి వైఫై ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఎప్సన్ ఎల్360కి లేదు, ఎల్365కి ఉంది. ఎల్380కి లేదు, ఎల్385కి ఉంది. కెనన్ జీ2000కి లేదు, జీ3000కి ఉంది. ప్రింటర్ వెనకో, మూత తెరిస్తే లోపలో ఉన్న స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబరు చూడండి. చివర డబ్ల్యూ అక్షరం ఉంటే సాధారణంగా వైఫై ఉన్నట్టు, ఎన్ ఉంటే నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే చోటు ఉన్నట్టు, డి ఉంటే కాగితానికి రెండు వైపులా అచ్చేస్తుందని. మన ఊళ్లలో మీసేవ, జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం1005, కెనన్ ఎల్‌బీపీ2900 రెండింటికీ వైఫై లేదు. అవే మీ దగ్గరుంటే సరాసరి చివరి భాగానికి వెళ్లండి.

వెనక నెట్‌వర్క్ కేబుల్ సాకెట్ ఉందేమో కూడా చూడండి. ఉంటే, ప్రింటర్‌ని రౌటర్ దగ్గరే పెట్టగలిగితే, ఈ వైఫై తంటా ఏదీ అక్కర్లేదు. క్యాట్5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ ఒకటి ప్రింటర్ నుంచి రౌటర్ లాన్ (ఇంట్లో పరికరాలు కలిపే) సాకెట్‌కి పెట్టండి. వంద మీటర్ల దాకా ఆ కేబుల్ పనిచేస్తుంది కాబట్టి కింద హాల్లో రౌటర్, మేడ మీద ప్రింటర్ ఉన్నా ఇబ్బంది లేదు.

రౌటర్‌లో మార్చాల్సినవి

అసలు చిక్కంతా ఇక్కడే. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు ఉన్నాయి. పాత ప్రింటర్లలో దాదాపు అన్నిటికీ 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. కొత్త రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎందులో కూర్చోబెట్టాలో తనే నిర్ణయిస్తుంది. ఫోన్లకి అది హాయి. ప్రింటర్ మాత్రం ఆ పేరు చూసి తలుపు తడుతుంది, రౌటర్ 5 వైపు రమ్మంటుంది, ప్రింటర్‌కి ఆ దారి తెలియదు. కనెక్ట్ అయినట్టే అయి తెగిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

రౌటర్ పేజీ తెరవడానికి దాని వైఫైలో ఉన్న ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ బ్రౌజర్ తెరిచి రౌటర్ చిరునామా కొట్టండి. జియో ఫైబర్‌కి 192.168.29.1. మిగతావాటిలో ఎక్కువ 192.168.1.1, కొన్నిటికి 192.168.0.1. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అవి వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరే. లోపలికి వెళ్లాక వైర్‌లెస్ లేదా డబ్ల్యూలాన్ అన్న చోట ఇవి చూడండి.

1. బ్యాండ్లు విడదీయండి. స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ అని ఉంటే ఆఫ్ చేయండి. 2.4కి ఒక పేరు, 5కి ఇంకో పేరు పెట్టండి. ఉదాహరణకి 2.4కి illu బదులు ఇల్లు అని తెలుగులో పెట్టాలనిపిస్తుంది గానీ వద్దు. పేరులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండాలి. ఖాళీలు, గుర్తులు, బొమ్మలు, తెలుగు అక్షరాలు ఉంటే కొన్ని పాత ప్రింటర్లు చదవలేవు. పేరు దాచిపెట్టే సౌకర్యం ఆన్‌లో ఉంటే తీసేయండి.

2. సెక్యూరిటీ, అంటే వైఫైకి వేసే తాళం రకం. 2.4 బ్యాండ్‌కి డబ్ల్యూపీఏ2 పర్సనల్, ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. అంతకుముందు తయారైన ప్రింటర్‌కి అది తెలిసే అవకాశం లేదు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్న మిశ్రమ పద్ధతి కాగితం మీద పాతవాటికీ పనికి రావాలి. కానీ కొన్ని ప్రింటర్లు అందులో కూడా తడబడతాయి. అందుకని 2.4కి ఒట్టి డబ్ల్యూపీఏ2 పెట్టి, 5లో డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచుకోవడం మేలు. పక్కనే పీఎంఎఫ్ అనే అదనపు రక్షణ ఉంటే దాన్ని ఆఫ్ లేదా ఆప్షనల్‌లో ఉంచండి, రిక్వైర్డ్‌లో వద్దు.

3. ఛానెల్, అంటే బ్యాండ్ లోపల ఒక్కో వరస. ఆటోలో ఉంటే రౌటర్ ఒక్కోసారి 12, 13 ఛానెళ్లకి వెళ్తుంది. అమెరికా మార్కెట్ లెక్కల ప్రకారం తయారైన ప్రింటర్లకి 11 దాకానే కనిపిస్తాయి. ఫోన్‌లో కనిపించే వైఫై ప్రింటర్ జాబితాలో మాత్రం లేదంటే కారణం ఇది కావచ్చు. 1, 6, 11లో ఒకటి చేత్తో ఎంచుకోండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 వద్దు.

4. మోడ్. వైఫై 6 రౌటర్లలో 2.4 బ్యాండ్ ఏఎక్స్ మోడ్‌లో ఉంటుంది. కొన్ని పాత పరికరాలకి ఆ సిగ్నల్ అర్థం కాక నెట్‌వర్క్ లేనట్టే ఉంటుంది. బి/జి/ఎన్ మిశ్రమం అని ఉంటే అది ఎంచుకోండి. ప్రింట్ వేగానికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు.

5. గెస్ట్, ఐసొలేషన్. ప్రింటర్‌ని గెస్ట్ వైఫైలో పెట్టకండి. గెస్ట్‌లో ఉన్నవి ఇంటర్నెట్‌ని చూస్తాయి గానీ ఒకదాన్నొకటి చూడవు. ఏపీ (యాక్సెస్ పాయింట్) ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అన్నది ఆన్‌లో ఉన్నా అంతే. ప్రింటర్ వైఫై లైటు నిలకడగా వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనిపించదు. గంటలు తినేసే సమస్య ఇది.

డబ్ల్యూపీఏ2 కూడా తెలియనంత పాత ప్రింటర్ అయితే? 2006 మార్చి తర్వాత వైఫై ధ్రువీకరణ పొందిన ప్రతి పరికరానికీ డబ్ల్యూపీఏ2 తప్పనిసరి, కాబట్టి అంతకు ముందుదైతేనే ఈ ప్రశ్న. దానికోసం ఇంటి మొత్తం వైఫైని టీకేఐపీ, డబ్ల్యూఈపీ లాంటి పాత బలహీన పద్ధతులకి దించకండి. భద్రత పోవడం అటుంచి, ఆ పద్ధతుల్లో వేగం 54 మెగాబిట్లకి పడిపోతుంది. ఆ ప్రింటర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తోనే వాడుకోండి.

పాస్‌వర్డ్ గురించి ఒక మాట. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. కానీ రెండు వరుసల చిన్న తెర మీద బాణం గుర్తులు నొక్కుతూ ఒక్కో అక్షరం ఎంచుకోవాలంటే 12 అక్షరాలకే చేతులు నొప్పెడతాయి. పెద్ద అక్షరాలు, అంకెలు కలిపి 12–14 చాలు. @, #, & లాంటివి కొన్ని ప్రింటర్ల తెర మీద ఎక్కడున్నాయో దొరకవు.

రౌటర్ లాగిన్ మన చేతిలో లేకపోతే

ఏపీ ఫైబర్‌నెట్ బాక్సులు, ఊళ్లో కేబుల్ ఆపరేటర్ ఇచ్చినవి చాలావాటి లాగిన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. స్టిక్కర్ మీద ఉన్నది కొట్టినా తెరుచుకోదు. అప్పుడు ఆపరేటర్‌కి ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనకండి, నెట్ వస్తోంది కదా అని పెట్టేస్తాడు. ఏం కావాలో అదే అడగండి: "బాబూ, మా బాక్సులో 2.4కి వేరే పేరు పెట్టు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌లో ఉంచు. ఛానెల్ 6, వెడల్పు 20. అంతే." చాలామంది అక్కడి నుంచే రెండు నిమిషాల్లో చేసేస్తారు.

చేయకూడనిది ఒకటుంది. బాక్సు వెనక గుండుసూదితో నొక్కే రీసెట్ బొత్తాం ముట్టుకోవద్దు. ఆపరేటర్ బాక్సులో ఎక్కించిన యూజర్ నేమ్, వీలాన్ నంబరు అన్నీ దాంతో తుడిచిపెట్టుకుపోతాయి. ప్రింటర్ సంగతి దేవుడెరుగు, ఇంట్లో నెట్ ఉండదు, మనిషి వచ్చి మళ్లీ ఎక్కించేదాకా ఆగాలి. సంక్రాంతి సెలవుల్లో అయితే ఎన్నాళ్లు ఆగాలో చెప్పలేం.

ప్రింటర్‌లో పాత నెట్‌వర్క్ చెరిపేయండి

ప్రింటర్ తలలో ఇంకా పాత రౌటర్ పేరే ఉంది. దాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. తెర ఉన్న ప్రింటర్లలో సెటప్, నెట్‌వర్క్, రిస్టోర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్న వరసలో వెళ్లండి. తెర లేనివాటిలో బొత్తాల జత ఉంటుంది. హెచ్‌పీ డెస్క్‌జెట్, ఇంక్ ట్యాంక్ వైర్‌లెస్ రకాల్లో చాలావాటికి వైర్‌లెస్, క్యాన్సిల్ బొత్తాలు రెండూ కలిపి 3 నుంచి 5 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. నీలం లైటు మినుకుమినుకుమనడం మొదలైతే కొత్త నెట్‌వర్క్ తీసుకోవడానికి సిద్ధమైనట్టు. ఆ స్థితి రెండు గంటలే ఉంటుంది. మధ్యలో భోజనానికి వెళ్లి కునుకు తీసి వస్తే మళ్లీ నొక్కాలి.

ఎప్సన్, కెనన్‌లలో మోడల్‌ని బట్టి బొత్తాలు మారతాయి. మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో ఉన్న మాన్యువల్ తెరిచి చూసుకోవడమే మంచిది. మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి, నెట్‌వర్క్ భాగం ఒక్కటి చాలు.

కలపడం: మూడు దారులు

తెర ఉంటే దానికి మించింది లేదు. వైర్‌లెస్ సెటప్ విజార్డ్ తెరిస్తే చుట్టుపక్కల వైఫై పేర్లు చూపిస్తుంది. మీ 2.4 పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఖచ్చితంగా ఉండాలి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ పొరబడటం ఎక్కువ.

రెండోది డబ్ల్యూపీఎస్. రౌటర్ మీద ఆ బొత్తాం నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీద వైర్‌లెస్ లేదా వైఫై బొత్తాం నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డ్ లేకుండానే ఎక్కేస్తుంది. పని చేయకపోతే రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఇంకా ఆన్‌లో ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ3 ఉన్నా, వైఫై పేరు దాచి ఉన్నా డబ్ల్యూపీఎస్ ఆగిపోతుంది. పని అయ్యాక రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేసుకోండి, దాని పిన్ పద్ధతిలో భద్రతా లోపం ఉంది.

మూడోది యూఎస్‌బీ కేబుల్ దారి. తెరలేని పాత ప్రింటర్లకి, ముఖ్యంగా హెచ్‌పీ లేజర్‌జెట్ పీ1102డబ్ల్యూ లాంటివాటికి, అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. ఒక వైపు చదునుగా, రెండో వైపు చదరంగా ఉండే కేబుల్ కావాలి. కంప్యూటర్ షాపులో ప్రింటర్ కేబుల్ అంటే అదే ఇస్తారు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి పూర్తి సాఫ్ట్‌వేర్ దించుకోండి. కొత్త హెచ్‌పీ స్మార్ట్ యాప్ చాలా పాత మోడళ్లని గుర్తించదు, కాబట్టి ఆ పేజీలో ఉన్న పాత ఇన్‌స్టాలరే కావాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైర్‌లెస్ ఎంచుకోండి. కేబుల్ పెట్టమని అడిగినప్పుడే పెట్టండి, ముందు కాదు. కంప్యూటర్‌లో ఉన్న వైఫై వివరాలు ప్రింటర్‌కి ఎక్కాక తీసేయమంటుంది. ఆ సమయంలో ల్యాప్‌టాప్ కూడా 2.4 పేరులోనే ఉండాలి. 5లో ఉంటే ప్రింటర్‌కి ఆ వివరాలే వెళ్లి పని చెడుతుంది.

ఫోన్ యాప్‌తో చేసేవాళ్లు మొబైల్ డేటా ఆపేసి, వీపీఎన్ ఉంటే తీసేసి, లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కి ఆ అనుమతి ఇచ్చి మొదలుపెట్టండి. సెటప్ సమయంలో ఫోన్ కాసేపు ప్రింటర్ సొంత వైఫైకి కలుస్తుంది. అందులో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఫోన్ అటు దూకి మధ్యలో వదిలేస్తుంది.

ఒక జాగ్రత్త. "ప్రింటర్ సెటప్" అని వెతికితే పైన వచ్చే టోల్‌ఫ్రీ నంబర్లకి ఫోన్ చేయకండి. ఎనీడెస్క్ లాంటిది వేయించి మీ కంప్యూటర్ తెర వాళ్ల చేతిలోకి తీసుకుని, వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజడం వాళ్ల పని. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఎక్కిందా లేదా, ఎలా తెలుస్తుంది?

లైటు నిలకడగా వెలగడం ఒక్కటే సరిపోదు. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ కాగితం ఒకటి అచ్చు వేయించండి. తెర ఉంటే నెట్‌వర్క్ మెనూలో కాన్ఫిగరేషన్ పేజీ అని, లేకపోతే సమాచారం బొత్తాంతోనో, వైర్‌లెస్ బొత్తాంతోనో వస్తుంది. అందులో చూడాల్సింది ఐపీ చిరునామా, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కి ఇచ్చిన నంబరు.

మీ రౌటర్ చిరునామాలో మొదటి మూడు అంకెల గుంపులు ఇందులోనూ అవే ఉంటే, అంటే జియోలో 192.168.29.తో మొదలైతే, పని అయినట్టే. 169.254తో మొదలైతే ప్రింటర్ రౌటర్ దాకా వెళ్లింది గానీ చిరునామా దొరకలేదు. రౌటర్‌ని ఒకసారి ఆపి వెలిగించండి, మ్యాక్ ఫిల్టర్ (జాబితాలో ఉన్న పరికరాలనే రానిచ్చే సౌకర్యం) ఉంటే తీసేయండి. 0.0.0.0 అని ఉంటే అసలు ఎక్కనే లేదు, పాస్‌వర్డ్ తప్పు పడి ఉంటుంది. 192.168.223.1 అని హెచ్‌పీలో కనిపిస్తే అది వైఫై డైరెక్ట్ (ప్రింటర్ సొంత వైఫై) చిరునామా, మీ ఇంటి నెట్‌వర్క్‌ది కాదు. దాన్ని చూసి మోసపోకండి.

చిరునామా కదలకుండా కట్టేయండి

రౌటర్ ప్రతి పరికరానికీ చిరునామా అద్దెకిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏది ముందు లేస్తే దానికి ఏదో ఒక చిరునామా ఇచ్చేస్తుంది. నిన్న ప్రింటర్‌ది అయిన చిరునామా ఇవాళ మేనల్లుడి ఫోన్‌కి వెళ్తుంది, కంప్యూటర్ మాత్రం పాత చోటే తలుపు కొడుతూ "ఆఫ్‌లైన్" అంటుంది. వేసవి కోతలు, అక్టోబరు, నవంబరు తుపాన్లు ఉన్న మన వైపు ఈ ఒక్క పని చేసుకోకపోతే మిగతాదంతా చేసినా నెలకోసారి తంటా తప్పదు.

నెట్‌వర్క్ కాగితం మీద మ్యాక్ అడ్రస్ అని రెండేసి అక్షరాల ఆరు జతలు ఉంటాయి. రౌటర్ పేజీలో లాన్, డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే) భాగంలో అడ్రస్ రిజర్వేషన్ లేదా స్టాటిక్ లీజ్ అన్న చోట ఆ మ్యాక్, దాని పక్కన మీరు ఎంచుకున్న ఐపీ, ఉదాహరణకి 192.168.1.150, రాసి సేవ్ చేయండి. ప్రింటర్ ఆపి వెలిగించండి. ప్రింటర్‌లోనే మాన్యువల్‌గా ఐపీ పెట్టడం కన్నా ఇది మేలు, ఎందుకంటే రేపు కనెక్షన్ మార్చినప్పుడు ప్రింటర్‌లో పాత అంకెలు ఇరుక్కుపోవు.

ఇప్పుడు బ్రౌజర్‌లో ఆ ఐపీ కొడితే ప్రింటర్ సొంత పేజీ తెరుచుకోవాలి. సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది, ఇంట్లోదే కాబట్టి ముందుకెళ్లండి. తెరుచుకోకపోతే ముందు https బదులు ఎస్ లేకుండా కొట్టి చూడండి. పాత ప్రింటర్ల భద్రతా పద్ధతిని ఈనాటి బ్రౌజర్లు ఒప్పుకోవు.

ఇప్పుడు విండోస్

విండోస్‌ని దాని దారిన వదిలేస్తే ప్రింటర్‌ని డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టుతో తగిలిస్తుంది. మొదటి రోజు బాగానే ఉంటుంది, ప్రింటర్ నిద్రపోయి లేచాక ఆఫ్‌లైన్ అంటుంది. అందుకని ఐపీ చెప్పి చేత్తో తగిలించండి.

ముందు వైఫై పేరు మీద నొక్కి నెట్‌వర్క్ రకం ప్రైవేట్‌లో ఉందో లేదో చూడండి. పబ్లిక్‌లో ఉంటే విండోస్ ఫైర్‌వాల్ ఇంట్లో పరికరాల్ని కూడా పరాయివాళ్లలా చూస్తుంది. తర్వాత సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్ వరసలో వెళ్లి పాత ప్రింటర్ పేరు అక్కడ ఉంటే తీసేయండి. యాడ్ డివైస్ నొక్కి కాసేపు ఆగితే కింద యాడ్ మాన్యువల్లీ వస్తుంది. అందులో ఐపీ అడ్రస్ లేదా హోస్ట్‌నేమ్ వాడే వరస ఎంచుకుని, డివైస్ రకం టీసీపీ/ఐపీ పెట్టి, మీరు కట్టేసిన ఐపీ రాయండి. డ్రైవర్ అడిగితే కంపెనీ సైట్ నుంచి దించినది చూపించండి. పోర్టు రకం రా (Raw), నంబరు 9100 ఉంటుంది, దాదాపు అన్ని ప్రింటర్లకీ అదే.

ఇంతా చేశాక కూడా, బ్రౌజర్‌లో ప్రింటర్ పేజీ తెరుచుకుంటూనే విండోస్ ఆఫ్‌లైన్ అంటుంటే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, కాన్ఫిగర్ పోర్ట్ తెరిచి ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ దగ్గర టిక్కు తీసేయండి. విండోస్ ఆ పద్ధతిలో బాగోగులు అడుగుతుంది, పాత ప్రింటర్ జవాబివ్వదు, విండోస్ అది చచ్చిపోయిందనుకుంటుంది. ఆ టిక్కు తీస్తే అడగడమే మానేస్తుంది.

కొత్త విండోస్ 11లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒకటుంది. దాన్ని ఆన్ చేయకండి. కంపెనీ డ్రైవర్లతో నడిచే పాత ప్రింటర్లన్నీ అందులో ఆగిపోతాయి.

ఫోన్ల విషయం తొందరగా చెప్పుకుందాం. ఐఫోన్‌కి ఎయిర్‌ప్రింట్ కావాలి, అది 2010 చివర్లో వచ్చింది. అంతకుముందు ప్రింటర్లకి లేదు. ఆండ్రాయిడ్‌లో కంపెనీ ప్రింట్ ప్లగిన్ లేదా మోప్రియా ప్రింట్ సర్వీస్ వేసి చూడండి. గూగుల్ క్లౌడ్ ప్రింట్‌తో నడిచినవి 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి, ఏం చేసినా ఆ దారిలో తిరిగి రావు. ఫోన్ 5 పేరులో, ప్రింటర్ 2.4 పేరులో ఉన్నా రౌటర్ ఒకటే కాబట్టి ప్రింట్ వెళ్తుంది.

ఎంతకీ కలవకపోతే: అటక మీది పాత రౌటర్

ఆపరేటర్ సెట్టింగులు మార్చనంటే, లేదా ఇంట్లో వైఫై 6ని దించడం ఇష్టం లేకపోతే, పాత కనెక్షన్ రౌటర్ దుమ్ము దులపండి. దాన్ని ప్రింటర్ కోసమే చిన్న వైఫైగా మార్చుకోవచ్చు.

పాత రౌటర్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి దాని పేజీ తెరవండి. లాన్ ఐపీని కొత్త రౌటర్ గుంపులోకి మార్చండి. కొత్తది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250, జియో అయితే 192.168.29.250. కొత్త రౌటర్ డీహెచ్‌సీపీ జాబితా 200తో ఆగేలా పెట్టుకుంటే ఈ అంకె ఇంకెవరికీ వెళ్లదు. తర్వాత పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ పూర్తిగా ఆఫ్ చేయండి. ఇది మరిచిపోతే ఇంట్లో చిరునామాలు ఇచ్చేవాళ్లు ఇద్దరై అందరి నెట్ కూలుతుంది. వైఫైకి కొత్త పేరు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, ఛానెల్ 1 లేదా 11 పెట్టండి. ఇక కొత్త రౌటర్ లాన్ సాకెట్ నుంచి పాత రౌటర్ లాన్ సాకెట్‌కి కేబుల్ పెట్టండి. రంగు వేరుగా ఉండే వాన్ (బయటి ఇంటర్నెట్ వచ్చే) సాకెట్‌లో పెట్టారో ప్రింటర్ వేరే గదిలో తాళం వేసినట్టే, కంప్యూటర్‌కి కనిపించదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. వీధి వైపు హాల్లో ఫైబర్ బాక్సు, వెనక గదిలో ప్రింటర్ ఉండి, మధ్యలో పాతకాలపు మందపాటి గోడలు రెండుంటే 2.4 కూడా నీరసిస్తుంది. బొబ్బిలి, పర్లాకిమిడి వైపు పాత లోగిళ్లలో ఉన్నవాళ్లకి ఇది తెలిసిందే. పాత రౌటర్‌ని ప్రింటర్ గదిలోకే కేబుల్‌తో తెచ్చుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

కరెంటు గురించి. ఇంక్‌జెట్, ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు పదీ ఇరవై వాట్లే తింటాయి, ఇన్వర్టర్ మీద నిశ్చింతగా పెట్టుకోవచ్చు. లేజర్ ప్రింటర్ని మాత్రం ఇంటి ఇన్వర్టర్ మీద, చిన్న యూపీఎస్ మీద పెట్టకండి. కాగితం మీద పొడిని కాల్చి అతికించే భాగం వేడెక్కేటప్పుడు వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది. రౌటర్‌కి మాత్రం 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.

వైఫై లేని ప్రింటర్ ఉన్నవాళ్లకి

రౌటర్ వెనక యూఎస్‌బీ సాకెట్ కనిపించగానే ఎం1005నో, ఎల్‌బీపీ2900నో అందులో పెట్టేయాలనిపిస్తుంది. చాలా రౌటర్లలో ఆ సాకెట్ పెన్ డ్రైవ్ కోసమే. పైగా ఈ రెండు ప్రింటర్లూ పేజీని సిద్ధం చేసే పని కంప్యూటర్ మీదే వదిలేసే రకం. అందుకని బయట దొరికే ప్రింట్ సర్వర్ పెట్టెలు కొన్ని వీటితో కలవవు, కలిసినా స్కాన్ పని చేయకపోవచ్చు. కొనేముందు ఆ పెట్టె జాబితాలో మీ మోడల్ పేరు ఉందో లేదో చూడండి.

ఖర్చు లేని దారి, ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కి ప్రింటర్ని యూఎస్‌బీతో కలిపి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో షేర్ దిస్ ప్రింటర్ టిక్కు పెట్టడం. పలాస జీడిపప్పు బట్టీల ఆఫీసుల్లా బిల్లులు రెండు మూడు కంప్యూటర్ల నుంచి వేసుకునే చోట ఇది చాలు. మిగతా కంప్యూటర్ల నుంచి యాడ్ డివైస్‌లో ఆ కంప్యూటర్ పేరు, ప్రింటర్ షేర్ పేరు ఇచ్చి తగిలించుకోండి. ప్రింటర్ ఉన్న కంప్యూటర్ నిద్రలోకి వెళ్తే ప్రింట్ రాదు కాబట్టి పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని నెవర్‌లో పెట్టండి. యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటకూడదు.